డిసెంబరు ముప్పై ఒకటిన పుట్టినవాళ్ళు

బిష్కెక్‌లోని మా పరిశోధన సంస్థ క్యాంటీన్ ఓవెన్ ఎడమవైపు మాత్రమే వేడెక్కుతుంది. మాంసం కూరిన సంసాలు సగం కాలగానే వంటావిడ సైరకుల్ ఎజె, అంటే సైరకుల్ అక్క, ట్రేను తిప్పి, తలుపును మోకాలితో పొడిచి మూస్తుంది. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ ఆమె కొత్త ఓవెన్ అడుగుతూనే ఉంది. ఈ శరదృతువులో అది వచ్చింది, జనవరిలో బిగిస్తామన్నారు. ఆ వారమే, ఈ ఏడాదిలోపు వయసు నిండి డిసెంబరుతో పదవీ విరమణ చేయవలసినవారి జాబితా కూడా వచ్చింది. అందులో ఆమె పేరుంది.

జాబితా తయారుచేసినది నేను. సామాజిక పరిశోధనలో పట్టా ఉన్నందున మనుషుల గురించి ఏ ప్రశ్ననైనా పద్ధతిగా అడగగలనని సంస్థ నమ్మింది. అంతకు ముందే నేను నమ్మాను. సిబ్బంది వివరాలు పాత డేటాబేస్‌లో ఉన్నాయి. నేను వాటిని అడిగేది కంప్యూటర్‌కు తెలిసిన వేరే ప్రశ్నల భాషలో. కనుక అక్కడి ఏ రకం విలువకు ఇక్కడ ఏ రకం సరిపోతుందో ఒక పట్టిక వేశాను: సంఖ్యకు సంఖ్య, అక్షరాలకు అక్షరాలు. పుట్టిన తేదీ దగ్గర మాత్రం ఉదారత చూపి, గంటలూ నిమిషాలూ కూడా పట్టే రకాన్ని కేటాయించాను. వివరం ఎంత ఎక్కువైతే అంత మంచిదని నా సిద్ధాంతం.

జాబితాలో సగం మంది డిసెంబరు ముప్పై ఒకటిన పుట్టినట్టు తేలింది. మరొకరైతే అనుమానించేవారు. నేను వేళ్ళమీద నెలలు వెనక్కి లెక్కపెట్టి, మార్చి నెల నౌరూజ్ పండుగకూ ఈ జననాలకూ గల సంబంధంపై ఒక పేజీ రాశాను. దానికి సాక్ష్యం సేకరించడానికి వంటగదికి వెళ్ళాను.

“ఎజె, మీరు పుట్టిన రోజున ఇంట్లో సందడి ఎలా ఉండేదట?”

“ఏం సందడే! కొండమీద మా అమ్మ గుర్రాల పాలు పితుకుతుంటే పుట్టాను, మంచి ఎండల్లో. చలి మొదలయ్యాక మా నాన్న కిందికి దిగి రాయించాడు. తేదీ గుర్తులేదన్నాడట. అట్లాంటి వాళ్ళందరికీ ఆ ఏడాది జనవరి ఒకటే వేసేవాళ్ళు.” పిండిముద్దను బల్లకేసి కొట్టింది. “ఏటా జనవరిలో నా పుట్టినరోజుకి నూనెలో వేయించిన బోర్సోకులు మెక్కుతావు కదే! అప్పుడే మర్చిపోయావా? నన్ను పంపేసి, ఆ కొత్త ఓవెన్‌లో నువ్వు కాలుస్తావా?”

అప్పుడు వెలిగింది. నా ఉదారమైన రకానికి గంట కావాలి. డేటాబేస్‌లో లేదు కనుక అర్ధరాత్రి అని తానే వేసుకుంది. ఆపైన బిష్కెక్ సమయాన్ని గ్రీనిచ్ సమయంలోకి మార్చింది. అది ఇక్కడికంటే ఆరు గంటలు వెనక. జనవరి ఒకటి డిసెంబరులోకి జారింది. పుట్టిన సంవత్సరమే మారిపోయింది.

తేదీకి ఉత్త తేదీనే కేటాయించి, కొత్త జాబితాను, అందరూ బైకె, అంటే అన్న, అని పిలిచే సిబ్బంది విభాగం అధిపతి ముకంబెత్ ముందు పెట్టాను. ఆయన సంతకం లేనిదే చెల్లదు. ఆయనదీ జనవరి ఒకటే, పాత జాబితాలో ఆయన పేరూ ఉంది. వెళ్ళిపోవచ్చన్న ఆనందంతో అప్పటికే చేపల గాలం కొని, బల్ల పక్కన నిలబెట్టుకున్నారు.

“సైరకుల్ ఒక్కదాన్ని మార్చి నన్నట్లా వదిలెయ్యి.”

“తేదీల వరుస మొత్తానికి ఒకటే రకం, బైకె. ఒక్కరికి మార్చడం కుదరదు.”

“ఆరు గంటలతో ఏడాది చేపలు మింగేశావు కదే పిల్లా!”

ఆయన గాలం వైపు చూశారు. కింది నుంచి వేగుతున్న ఉల్లిపాయల వాసన వస్తోంది.

“ఆవిడ పోతే మధ్యాహ్నం ఏం తినాలి? నీ పట్టికనా?” అంటూ సంతకం చేశారు.

జనవరిలో కొత్త ఓవెన్ రెండువైపులా సమంగా కాల్చింది. అయినా ఎజె అలవాటుగా ట్రే తిప్పింది, తలుపును మోకాలితో పొడిచి “అబ్బా” అంది. మొదటి సంసా ముకంబెత్ బైకెకే దక్కింది. చెయ్యి కాలి, కాగితం అడిగారు. నా సంచిలో ఉన్నది నౌరూజ్ పేజీయే. నూనెలో తడుస్తున్న అక్షరాలను ఆయన నములుతూ చదివారు.

“అయితే నేనూ పండుగ బిడ్డనేనంటావ్?”

“కాదు, బైకె. ఆ సిద్ధాంతం వెనక్కి తీసుకున్నాను.”

“ఉండనీలే. ఇంకో కాగితం ఇవ్వు, ఇది తడిసిపోయింది.”