జానెడు లోతు సముద్రం

ఏలూరులో మా నాన్నగారికి అద్దాల కొట్టు ఉండేది. ఫొటోలకి ఫ్రేములు కట్టడం, కిటికీలకీ షోకేసులకీ అద్దాలు కోసివ్వడం ఆయన పని. వజ్రపు మొన ఉన్న కలంతో ఒక్క గీత గీసి, బల్ల అంచుకి ఆనించి బొటనవేళ్లతో నొక్కేవారు. అద్దం చిన్న టిక్కుమన్న చప్పుడుతో విడిపోయేది. అలాంటి మనిషి ఒక ఏడాది గుమ్మాలకి గుద్దుకోవడం మొదలుపెట్టారు. ఎదురుగా ఉన్నది బాగానే కనిపించేది, పక్కన ఉన్నది కనిపించేది కాదు. కంచంలో అన్నం చూసి కలుపుకునేవారు గానీ కంచం పక్కన పెట్టిన మంచినీళ్ల గ్లాసు చెయ్యి తగిలి పడిపోయేది.

కళ్లజోడు మార్చాలేమో అనుకుని విజయవాడ తీసుకెళ్లాను. డాక్టరుగారు నన్ను బయటికి పిలిచి నీటికాసులని, గ్లకోమా అంటారని చెప్పారు.

"పోయిన చూపు తిరిగి రాదమ్మా. ఉన్నది నిలబెట్టడానికి చుక్కలు రాస్తాను. అదీ ఎంతవరకు నిలబడుతుందో చెప్పలేం."

తిరిగొచ్చే బస్సులో నాన్నగారు జబ్బు పేరు అడగలేదు. కాసేపాగి, "అద్దం కొయ్యొచ్చా అని అడిగావా అమ్మా?" అన్నారు.

"అడిగానండి. వద్దన్నారు."

ఆయన కిటికీ వైపు తిరిగిపోయారు.

అప్పట్లో నేను తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచరుని. రోజూ పాసింజర్లో వెళ్లి వచ్చేదాన్ని. కొట్టు పనివాళ్ల చేతుల్లో పెట్టి నాన్నగారు ఇంట్లో కూర్చున్నారు. మాట తగ్గిపోయింది. అమ్మ ఏదైనా అడిగితే "ఊఁ" అనడం, అంతే. చూడలేక ఒక ఆదివారం నాతో పాటు గూడెం తీసుకెళ్లాను. అక్కడ చేపలమ్మే కొట్టు ఉండేది. ఆ కొట్టాయన్ని మేమంతా భాయ్ గారూ అని పిలిచేవాళ్లం. ఆయన అక్వేరియాలకి అద్దాలు కోసిచ్చింది మా నాన్నగారే. అందుకని నాన్నగారి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి కుర్చీ వేశారు.

ఒక మూల కొత్తగా పెట్టిన చిన్న ఉప్పునీళ్ల తొట్టి ఉంది. పైన కళ్లు జిగేల్‌మనేంత లైటు. లోపల నారింజ రంగు మీద తెల్ల పట్టీలున్న రెండు చేపలు. క్లౌన్ ఫిష్ అంటారట. నాన్నగారు కుర్చీ ముందుకి జరుపుకుని, ముక్కు అద్దానికి తగిలేంత దగ్గరగా వంగారు.

"అమ్మాయ్, తెల్ల పట్టీలకి అంచున సన్నగా నల్ల గీత ఉంది కదూ?"

నేను వంగి చూస్తే గానీ ఆ గీత నాకు కనబడలేదు. ఆయన తనంతట తాను ఒక మాట అని ఎన్నాళ్లయిందో.

"ఇలాంటిది మనింట్లో పెట్టుకుందామండీ, భాయ్ గారూ," అన్నారు.

భాయ్ గారు నా వైపు చూసి, మళ్లీ నాన్నగారి వైపు తిరిగారు. "ఏవండీ, మంచినీళ్ల చేపలైతే ఇప్పుడే కవర్లో వేసిచ్చేస్తాను. ఇది సముద్రమండీ. పసిపిల్లకి జ్వరం చూసినట్టు రోజూ చూసుకోవాలి. ఉప్పు చూడాలి, వేడి చూడాలి. కరెంటు పోకూడదు. మన ఎండల సంగతి మీకు తెల్సు కదండీ."

"చూసుకుంటానండీ. ఇంకేం పనుంది నాకు?"

భాయ్ గారు కాగితం తీసి, కావలసిన సామాన్లు రాయడం మొదలుపెట్టారు.

తొట్టికి లోతు వద్దన్నారు నాన్నగారు. పక్కనుంచి చూస్తే తనకి చేతి గాజులోంచి చూసినట్టు ఉంటుందట. పైనుంచైతే వంగి, ఎంత దగ్గర కావాలంటే అంత దగ్గరగా చూసుకోవచ్చు. అందుకని జానెడు కంటే కాస్త ఎక్కువ లోతు, పడక మంచంలో సగమంత వెడల్పు. అద్దాలు తానే కోస్తానన్నారు. అమ్మ ఏడ్చింది, నేను బతిమాలాను. వినలేదు. అమ్మ స్కేలు పట్టుకుంటే, ఎడమచేతి గోటితో దాని అంచు తడుముకుంటూ కలం లాగారు. ఒక పలక వంకరగా పగిలి అరచెయ్యి తెగింది. గుడ్డ చుట్టించుకుని ఇంకో పలక తెమ్మన్నారు. ఆయన కోసిన చివరి అద్దాలు అవే.

ఇక రాళ్లు. పగడపు రాళ్లు అమ్మడం నేరమని భాయ్ గారు ముట్టుకునేవారు కాదు. తెల్ల సిమెంటులో గుల్లలు కలిపి మనమే పోత పోసుకోవచ్చన్నారు. సున్నం కాల్చడానికి కొల్లేటి లంకల్లో గుల్లలు పోగేసి ఉంచుతారు కాబట్టి, నేనూ నాన్నగారూ ఆటోలో బయల్దేరాం. ఆ రోజుల్లో అనుమతి లేకుండా సరస్సులోకి కట్టిన చేపల చెరువుల గట్లు ప్రభుత్వం వాళ్లు కొట్టేస్తున్నారు. మేం ఆగిన చోట పెద్ద మిషన్ ఒకటి గట్టుని తవ్వి పోస్తోంది. నీళ్లు కాలవలోకి దూకుతున్నాయి.

"ఏంటమ్మా ఆ చప్పుడు?"

"చెరువు గట్టు కొట్టేస్తున్నారండి."

ఆ చెరువు చేసుకుంటున్నాయన అక్కడే గొంతుక్కూర్చుని చూస్తున్నాడు. అరవడం లేదు, అడ్డం పడడం లేదు. గుల్లలెక్కడ దొరుకుతాయని నేనడిగితే లేచి, తన పాక వెనక ఉన్న కుప్ప చూపించాడు. "ఎన్ని కావాలంటే అన్ని పట్టుకెళ్లండమ్మా. ఇంక నేనేం చేసుకుంటానండీ," అని తనే గోనెసంచిలోకి ఎత్తాడు. వచ్చేటప్పుడు నాన్నగారు ఆయన భుజమ్మీద చెయ్యి వెయ్యబోయారు. దూరం అందక చెయ్యి గాల్లోకి పోయింది. ఆయనే దాన్ని పట్టుకున్నాడు.

పెరట్లో తడి ఇసకలో గుంటలు చేసి, అందులో సిమెంటూ గుల్లలూ పోసి, వేళ్లతో కన్నాలు పెట్టి రాళ్లు తయారుచేశాం. వాటిలో సిమెంటు ఘాటు పోయేదాకా డ్రమ్ముల్లో నానబెట్టి నీళ్లు మార్చడం వారాల పని. అప్పుడు వాటిని ఖాళీ తొట్టిలో అమర్చడానికి కూర్చున్నారు నాన్నగారు. ఒక్కో రాయినీ రెండు చేతులతో తిప్పి, ఎక్కడ ఎత్తు, ఎక్కడ పల్లం అని తడుముకుని పెట్టేవారు. ఒక పక్కకి గుట్టలా పేర్చి కింద గుహ వదిలారు. దాన్నుంచి అరుగులా పల్చని రాయి ఒకటి ముందుకి చాపారు. మిగతాదంతా ఇసక, ఖాళీ.

"ఆ వైపు కూడా చిన్న గుట్ట పెడదామండి, సమానంగా ఉంటుంది," అన్నాను.

"రెండు పక్కలా సమానంగా ఉంటే ఫ్రేము కట్టినట్టుంటుందమ్మా. జన్మంతా అవే కట్టాను."

మద్రాసు నుంచి భాయ్ గారు తెప్పించిన సముద్రపు ఉప్పుని డ్రమ్ములో కలిపి, గాజు గొట్టం తేలేసి పాళ్లు సరిచూసి పోశాం. పంపు తిరిగింది. మొదట నీళ్లు పాలలా ఉన్నాయి. తేరుకున్నాక రాళ్లన్నిటికీ గోధుమరంగు నాచు పట్టింది.

"ఇదా సముద్రం? మురిక్కాలవలా ఉంది," అంది అమ్మ.

భాయ్ గారికి ఫోన్ చేస్తే, "అదీ ఉండాలమ్మా. నీళ్లు పండాలి. ఆగండి," అన్నారు. ఆగాం. ఒక ఆదివారం ఆయనే వచ్చి, ఆకుపచ్చ బొత్తాల్లాంటి మెత్తని జీవులున్న రాయి ఒకటి అరుగు మీద పెట్టి, చేపల జంటని వదిలారు. సాయంత్రానికి ఆ బొత్తాలు లైటు కింద ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. వంగి చూస్తున్న నాన్నగారి ముఖం మీద నీటి వెలుగు కదులుతోంది. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి తొట్టిని కాదు, ఆయన ముఖాన్నే చూస్తూ ఉండిపోయింది.

ఆ చలికాలమంతా ఆయన మళ్లీ మాట్లాడే మనిషయ్యారు. నేను స్కూలు నుంచి వచ్చేసరికి కబుర్లుండేవి. పెద్ద చేప చిన్నదాన్ని గుహలోంచి తరిమిందనీ, బొత్తాలు ఇంకో రెండు పుట్టాయనీ. కానీ విజయవాడ వెళ్లిన ప్రతిసారీ డాక్టరుగారు చూపు పరీక్ష కాగితం మీద నల్లగా ఉన్న భాగం చూపించేవారు. అది పెరుగుతోంది. చుక్కలు మార్చారు, మాత్రలిచ్చారు. ఒకరోజు నాన్నగారు నీళ్ల మీదకి వంగి, "ఒకటే కనబడుతోందమ్మా. రెండోదేదీ?" అన్నారు.

"పక్కనేనండి."

నిజంగా పక్కనే ఉంది, వేలెడు దూరంలో.

ఎండలు ముదిరాయి. లోతు లేని తొట్టి కదా, చూస్తూ చూస్తూ వేడెక్కేది. నీరు ఆవిరై ఉప్పు ముదిరేది. పొద్దునా సాయంత్రం మంచినీళ్లు పోసి సరిచేసేవాళ్లం. పైన ఫ్యాను పెట్టాం, లైటు తగ్గించాం. కరెంటు కోత వేళలకి ఇన్వర్టర్ కొన్నాం. కొల్లేటి చేపలకి ఐసు వేసే ఫ్యాక్టరీ నుంచి దిమ్మలు తెచ్చి, ముక్కలు కొట్టి, కవర్లలో కట్టి నీళ్లలో తేలేసేవాళ్లం. ఇవన్నీ చేస్తే ఏదో ఒకలా గట్టెక్కుతుందనే అనుకున్నాం.

మే నెలలో ఒక రోజు గాలిదుమారం వచ్చి మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ పేలిపోయింది. వేసవి క్లాసులు చెప్పడానికి నేను గూడెంలో ఉన్నాను. మధ్యాహ్నం అమ్మ ఫోన్ చేసింది.

"ఇన్వర్టర్ కూడా ఆగిపోయిందే. మీ నాన్నగారు లేవట్లేదు. తొందరగా రా."

"లేవకపోవడమేంటమ్మా? ఏమైంది?"

"తొట్టి దగ్గర్నించి లేవట్లేదు."

స్టేషనుకి పరిగెత్తుతూ భాయ్ గారి కొట్టు ముందు ఆగాను. బ్యాటరీతో నడిచే గాలి మిషన్ ఏదైనా ఉందేమోనని. కొట్టంతా చీకటి. ఆయనే చొక్కా తడిసిపోయి, మగ్గుతో నీళ్లు ఎత్తి పోస్తూ ఒక తొట్టి నుంచి ఇంకో తొట్టికి తిరుగుతున్నారు. "ఉన్న రెండూ పెట్టేశానమ్మా. ఇక్కడా పోయింది కరెంటు," అన్నారు తలెత్తకుండా. కింద బకెట్లో అప్పటికే పోయిన చేపలున్నాయి.

రైలు దారిలో పూళ్ల స్టేషన్లో ఆగి ఎంతకీ కదల్లేదు.

ఇంటికొచ్చేసరికి సాయంత్రమైంది. నాన్నగారు కుర్చీలో ముందుకి వంగి, స్టీలు గ్లాసుతో నీళ్లు ముంచి, జానెడెత్తు నుంచి మళ్లీ పోస్తున్నారు. ముంచడం, పొయ్యడం. ఇన్వర్టర్ ఆగినప్పట్నుంచీ అదే పని అని అమ్మ చెప్పింది. అన్నం తినేటప్పుడు కూడా గ్లాసు ఎడమచేతికి మార్చుకున్నారు గానీ లేవలేదట. మోచేతి దాకా ఉప్పు తెల్లగా చారలు కట్టింది. ఐసు కరిగిపోయిన కవర్లు తేలుతున్నాయి. నీళ్లు కలకబారాయి, వాసన మారింది.

"వచ్చావా? కాస్త చూడమ్మా. నాకు కదులుతున్నట్టే ఉంది గానీ నీళ్లే కదులుతున్నాయో, అవే కదులుతున్నాయో తెలీట్లేదు."

చూశాను. పెద్ద చేప గుహ ముందు వెల్లకిలా పడి ఉంది. ఆకుపచ్చ బొత్తాలు కరిగి, తెల్లటి జిగురులా రాయి మీంచి జారుతున్నాయి. చిన్న చేప ఒక్కటి నీళ్ల పైకి నోరు తెరుచుకుని ఊగుతోంది.

"చిన్నది ఉందండి," అన్నాను.

గ్లాసు పట్టుకున్న చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత మళ్లీ ముంచారు.

నేను అందుకోబోతే ఇవ్వలేదు. నేనింకో గ్లాసు తెచ్చుకుని ఎదురుగా కూర్చున్నాను. చెరో పక్క నుంచీ పోస్తూనే ఉన్నాం. కరెంటు వచ్చాక ఆయన వేళ్లు విడదీసి గ్లాసు తియ్యాల్సొచ్చింది.

ఆ చిన్న చేప బతికింది. ఎందుకు బతికిందో మాకూ తెలియదు, భాయ్ గారికీ తెలియదు. నీళ్లు మార్చి, చనిపోయినదంతా తీసేసి, మళ్లీ నెలల తరబడి కడిగి సరిచేశాను. వానలు పడ్డాయి, వేడి తగ్గింది. తొట్టి మళ్లీ తేటగా కనబడుతున్న ఒక మధ్యాహ్నం నాన్నగారు కుర్చీలో కూర్చుని నీళ్ల మీదకి వంగారు.

"లైటు వెయ్యమ్మా," అన్నారు.

లైటు వెలుగుతూనే ఉంది. ఆయన ముఖమంతా ఆ వెలుగే. అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతున్నదల్లా చెయ్యి ఆపేసింది. నేను లేచి వెళ్లి స్విచ్చి ఆపి, మళ్లీ వేశాను. టక్కుమన్న చప్పుడు ఆయనకి వినపడింది.

"వేశానండి."

"ఆఁ," అన్నారు. కాసేపు అలాగే వంగి ఉండి, మెల్లగా వెనక్కి వాలారు. ఆ తర్వాత ఎప్పుడూ లైటు సంగతి అడగలేదు. విజయవాడ వెళ్తే డాక్టరుగారు కాగితం తీసి చూపించలేదు. నాన్నగారి చెయ్యి నా చేతిలో పెట్టి, "ఇంట్లో సామాన్లు అటూ ఇటూ మార్చకండమ్మా, అలవాటైన చోటే ఉంచండి," అన్నారు.

మేత మాత్రం నాన్నగారే వేసేవారు. చిటికెడు వేళ్ల మధ్య పట్టుకుని నీళ్లలో ముంచితే, చేప వచ్చి లాక్కునేది. మరుసటి చలికాలంలో ఒకరోజు పొద్దున్నే చూసేసరికి అది అరుగు రాయి కింద ఒరిగిపోయి ఉంది. నీళ్లలో ఏ లోపమూ లేదు. ఉప్పు సరిగ్గానే ఉంది, పంపు తిరుగుతోంది.

"చేప పోయిందండి," అని చెప్పాను.

"తీసేశావా?"

"లేదండి."

చొక్కా చెయ్యి పైకి మడిచి, తొట్టి అంచు తడుముకుని చెయ్యి లోపలికి పెట్టారు. తను పేర్చిన రాళ్ల మీదుగా వేళ్లు నడిచాయి. "కుడి పక్కకండి. ఇంకాస్త కిందకి," అంటున్నాను. దొరికింది. అరచేతిలో పెట్టుకుని బయటికి తీసి, బొటనవేలితో తల నుంచి తోక దాకా నిమిరారు.

"ఇంత చిన్నదా!" అన్నారు.

ఆ చేత్తో అలాగే పట్టుకుని కూర్చుంటే, అమ్మ తువ్వాలు తెచ్చి పక్కన నిలబడింది.