అడిగిన ప్రతిసారీ అదే మాట

కిటికీ తెరిస్తే చాలు, మార్కెట్ యార్డు నుంచి ఉల్లిగడ్డల ఘాటు గదంతా నిండిపోతుంది. కర్నూలులో ఇన్నేళ్లున్నా నాకది అలవాటు కాలేదు. కళ్లు మండినప్పుడల్లా ఓబులమ్మ మేడమ్ గుర్తొస్తారు, అదీ కోపంగానే.

ఆమె వ్యవసాయ శాఖలో రిటైరయ్యాక, రైతుల సందేహాలకు ఫోన్లో జవాబిచ్చే చిన్న ఆఫీసు పెట్టారు. జవాబులు చెప్పేది ఏఐ, దాన్ని చూసుకునేది నేను. అందులో టెంపరేచర్ అని ఒక సెట్టింగు ఉంటుంది. పెంచితే ఒకే ప్రశ్నకు రకరకాలుగా, హుషారుగా మాట్లాడుతుంది. సున్నాకు దించితే దాదాపు ప్రతిసారీ ఒకే జవాబు. మేడమ్‌కు రెండూ కావాలి! పొద్దున "ఏమ్మా, మొద్దు మాదిరి మాట్లాడ్తాంది, పెంచు" అనేవారు. మధ్యాహ్నానికి "ఇదేంది, నోటికొచ్చింది చెప్తాంది, తగ్గించు." నా ప్రాణం విసిగిపోయేది.

పైగా ఆమె పరీక్ష ఒకటి. వాళ్ల నాన్న ఎద్దుల సంతలో బేరగాడు. అమ్మేవాణ్ణి ఎద్దు వయసు అడిగి, కాసేపు ఊరి సంగతులు మాట్లాడి, మళ్లీ అడిగేవాడట. మాట మారితే బేరం లేదు. ఈమె యంత్రాన్నీ అట్లే అడిగేవారు. ఉల్లికి తెగులు మందు ఎంత కలపాలంటే అది మూడుసార్లకు మూడు కొలతలు చెప్పింది. "చూసినావా, దొంగది!" అన్నారు. ఒళ్లు మండి సున్నాకు దించేశాను. ఇక ఎన్నిసార్లడిగినా అదే కొలత.

"ఇప్పుడు సరేనా మేడమ్?"

ఆమె మర్నాడు ఆ మందు డబ్బా తెచ్చి, దాని మీది కొలత పైకి చదివారు. యంత్రం చెప్తున్నది దానికి రెండింతలు.

"ఒకే అబద్ధం ఎన్నిసార్లు చెప్తే నిజమైతాదమ్మా?"

"మాట మారకూడదన్నది మీరే కదా!" అని అరిచాను. ఆమె అప్పటికే ఫోన్ అందుకున్నారు. పొద్దునే ఇదే ప్రశ్న అడిగిన రైతు మద్దిలేటికి చేశారు. అతనిది నందికొట్కూరు దగ్గర పల్లె. వాళ్లింటికి ఆ ఉల్లి పైరే ఏడాది తిండి.

"మందు కొట్టినావా అప్పా?"

"ట్యాంకు నింపుతాండా మేడమ్."

"పారబొయ్! రెండింతలుండాది. పైరు మాడిపోతాది."

అతను మెల్లగా అన్నాడు. "తిప్పి తిప్పి శానా సార్లు అడిగితి మేడమ్. ఒక్కసారన్నా మాట మార్చల్యా. అందుకే నమ్మితి."

మేడమ్ ముఖం పాలిపోయింది. ఆ పరీక్ష ఆమెదే మరి. మర్నాటి నుంచి మందుల డబ్బాల మీది రాతలన్నీ యంత్రానికి ఎక్కించే చాకిరీ నా నెత్తిన పడింది. ఎన్ని తిట్టుకున్నానో!

ఆమె ఇప్పుడు లేరు. టెంపరేచర్ సున్నా మీదే ఉంచుతున్నాను. కానీ తడబడకుండా అది మళ్లీ మళ్లీ అదే మాట చెప్తుంటే నాకు భయమేస్తుంది. లేచి వెళ్లి, డబ్బా మీద చదువుకొని వస్తాను.