మా మెస్సును దీవించు ప్రభువా

మన్సూరాబాద్‌లో ఏ విశ్వాసుల ఇంట కృతజ్ఞత కూడిక జరిగినా బగారా అన్నం వండేది మట్టయ్యే. నల్గొండ పల్లె నుంచి వచ్చి, దిల్‌సుఖ్‌నగర్ ఫంక్షన్ హాళ్లలో వంటవాళ్ల పక్కన నిలబడి, చూసి నేర్చుకున్నాడు. దమ్ముకు పెట్టిన గిన్నె ఆవిరి వాసన చూసి, లోపల మెతుకు ఎంత ఉడికిందో చెప్పగలడు.

ఆయనకు ఒకటే కోరిక, సొంత మెస్సు. లేనిదాన్ని ఉన్నట్టే అడగాలని పాస్టరుగారు చెప్పారు. అందుకని ఏళ్ల తరబడి పొయ్యి ముట్టించే ముందు తల వంచి, "మా మెస్సును దీవించు ప్రభువా" అనేవాడు.

మెస్సు వచ్చింది. గోపయ్యకు. ఒకప్పుడు మట్టయ్య దగ్గర ఉల్లిగడ్డలు కోసిన మనిషి, ఎల్బీనగర్ మెట్రో మెట్లకు ఎదురుగా మెస్సు పెట్టాడు. కృతజ్ఞత కూడికకు వంట చేయమని మట్టయ్యనే పిలిచాడు.

"నీ చెయ్యి పడితెనే బర్కత్ అన్నా, మెస్సు కలిసొస్తది."

"నా చెయ్యి పడ్డ కాడ అందరికీ బర్కతే. నాకు దప్ప," అన్నాడు మట్టయ్య. భార్య సైదమ్మ మోచేత్తో పొడిచింది.

కూడిక రోజు, మెస్సు వెనక రేకుల కింద గిన్నె దమ్ముకు పెట్టి, మట్టయ్య అంతా కలియజూశాడు. పొయ్యి సరైన ఎత్తులో ఉంది. కుళాయి చేతికందేంత దూరంలో ఉంది. తను పెట్టుకున్నా ఇట్లాగే పెట్టుకునేవాడు. అందుకే ఇంకా కడుపు మండింది. ఒక్క తప్పయినా దొరకలేదు.

ముందు గదిలో గోపయ్య సాక్ష్యం చెబుతున్నాడు. దేవుడు చేసిన మేళ్లు తలుచుకుంటూ స్తోత్రం అంటున్నాడు.

"ఉల్లిగడ్డలు కోసుడు నేర్పిన అన్నను ఇచ్చినందుకు గూడ స్తోత్రం!"

మట్టయ్యకు అదీ నచ్చలేదు. ఉల్లిగడ్డలేనా నేర్పింది?

"భోజన ప్రార్థన మట్టయ్యగారు చేస్తారండి," అన్నారు పాస్టరుగారు.

అప్పుడే ఆవిరి వాసన మారింది. ఇంకాస్త ఆగితే అన్నం అడుగంటుతుంది. మట్టయ్య గబగబా లోపలికి వెళ్లి కళ్లు మూసుకున్నాడు. గోపయ్యకు మేలు అడగడానికి నోరు రాలేదు. మనసంతా గిన్నె మీదే. ఆ తొందరలో రోజూ వచ్చే మాటే వచ్చేసింది.

"మా మెస్సును దీవించు ప్రభువా. అన్నం మంచిగ అయింది. స్తోత్రం. ఆమేన్."

ఎవరో కిసుక్కుమన్నారు. సైదమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. గోపయ్య ఒక్కడే గట్టిగా "ఆమేన్!" అని, పకపకా నవ్వాడు.

"మా మెస్సా? ఎప్పుడు గుంజుకున్నవే అన్నా?"

"గుంజుకున్ననాడు ఉల్లిగడ్డలు నువ్వే కోస్తవ్ రా," అంటూ మట్టయ్య పొయ్యి దగ్గరికి పరుగెత్తాడు.

మూత తీస్తే మెతుకు మెతుకు విడివిడిగా ఉంది. అడుగంటలేదు. వెనకే వచ్చిన గోపయ్య, అన్నంలోకి తను చేసిన పప్పు దాల్చా గరిటెతో అందించాడు. మట్టయ్య నాలుక మీద వేసుకున్నాడు. ఉప్పు సరిపోయింది. పులుపు సరిపోయింది. తప్పు పట్టాలని ఇంకో గరిటె అడిగాడు.

"ఎట్లుందే?"

"నేను నేర్పిందే గద."

"గందుకే గద స్తోత్రం అన్నది."

మట్టయ్య అన్నం తీయడానికి గిన్నెలోకి వంగినప్పుడు, ఎవరికీ వినబడకుండా స్తోత్రం అన్నాడు. ఈర్ష్య పోయి కాదు. దాల్చా నిజంగానే బాగుంది.