గలీబులో ఇప్పపువ్వు లడ్డూ

సారపాకలో ఇంటింటికీ తిరిగి పరీక్షలకు రక్తం తీసే రోజుల్లో నన్ను ముప్పుతిప్పలు పెట్టింది ఒక పెద్దమ్మ. ఆమెకు మతిమరుపు జబ్బు, దానికి తోడు షుగరు. పరగడుపున రక్తం తియ్యాలని పొద్దున్నే వెళ్లి, "ఏమన్న తిన్నవా పెద్దమ్మా?" అని అడిగేవాణ్ని.

"గుర్తులేదు బిడ్డా" అనేది, చెంగుతో మూతి తుడుచుకుంటూ. "మతిమరుపని మీ డాక్టరే రాసిచ్చిండు గద!"

కోడలు తీపి బంద్ చేసింది. పెద్దమ్మ మాత్రం పక్కింటామెతో ఇప్పపువ్వు లడ్డూలు తెప్పించుకుని దిండు గలీబులో దాచుకునేది. తిన్నాక ఆ పరీక్ష పనికిరాదు కనుక సూది మళ్లీ నా సంచిలోకే పోయేది. ఆమె కళ్లు నవ్వేవి.

ఒకరోజు నేను అడక్కముందే చెయ్యి చాపింది.

"ఏం తినలే" అంది.

అనుమానంతో దిండు తడిమాను. లడ్డూలు అన్నీ అలాగే ఉన్నాయి. దాచుకున్న సంగతే మరిచిపోయింది. నాకు సూది తియ్యబుద్ధి కాలేదు. ఒక లడ్డూ సగం తుంచి ఆమె నోట్లో పెట్టాను. చప్పరిస్తుంటే కళ్లు మెల్లగా నవ్వాయి.

అంతలో కోడలు గుమ్మంలోంచి అడిగింది. "అత్తమ్మ ఏమన్న తిన్నదా తమ్మీ?"

"గుర్తులేదక్కా" అన్నాను, వేళ్లు ప్యాంటుకు తుడుచుకుంటూ.