నొప్పి తగ్గిన రోజు

నా చిన్నప్పుడు మా మోతె ఊరి చుట్టుపక్కల ఎముక విరిగితే దవాఖానకు పోవాలని ఎవరికీ తోచేది కాదు. కోదాడ వైపు ఒక పల్లెలో కట్టు కట్టే పెద్దాయన ఉండేవాడు. హస్తవాసి మంచిదని ఆయనకు పేరు. నా కుడిచేతి వేళ్లు ఎందుకిలా ముడుచుకుపోయాయని ఇప్పటికీ పిల్లలు అడుగుతారు. చిన్నప్పుడు పడ్డానని సగం చెప్పి ఊరుకుంటాను. మిగతా సగం ఇది.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. వరిగడ్డి బండి ఎక్కొద్దంటే వినే రకాన్ని కాదు నేను. ఎక్కాను, పడ్డాను, మోచెయ్యి దగ్గర విరిగింది. మా నాయన మిర్యాలగూడ రైసుమిల్లులో హమాలీ, వారానికొకసారి వచ్చేవాడు. అందుకని మా తాతయ్యే నన్ను ఆ పెద్దాయన దగ్గరికి తీసుకుపోయాడు. ఆయన కోడిగుడ్డు సొన, మినప్పిండి కలిపి గుడ్డకు పూసి, వెదురుబద్దలు పెట్టి గట్టిగా బిగించాడు. "తొమ్మిది దినాలు ఇప్పొద్దు. నడుమల ఇప్పితే చెయ్యి ఖరాబైతది, ఇప్పినోళ్లకే పాపం" అన్నాడు. తాతయ్యకు ఆ మాట వేదమైపోయింది.

రెండు రోజులు నేను ఏడ్చిన ఏడుపు వాడంతా విన్నది. "కట్టు కట్టినంక నొయ్యకుంటే ఎట్లనే? ఎముక అతుకుతున్నది" అంటూ తాతయ్య నా తల నిమురుతూ కూర్చున్నాడు. ప్రేమ లేక కాదు, ఆ రెండు రోజులూ నాకంటే ఆయనే తక్కువ నిద్రపోయాడు. మూడో రోజు పొద్దున లేచేసరికి నొప్పి లేదు. నానమ్మ దేవుడికి దండం పెట్టి, ఇంటింటికీ తిరిగి బెల్లం పంచింది.

పక్కింటి అక్క సూర్యాపేటలో ఒక ప్రైవేటు దవాఖానలో పుండ్లు కడిగి కట్లు మార్చే పని చేసేది. ఆ రోజు సెలవు పెట్టి ఇంటికొచ్చింది. నానమ్మ పెట్టిన బెల్లం ముక్క నోట్లో వేసుకోకుండానే వచ్చి నా పక్కన కూర్చుంది. "ఒక ఆట ఆడుదమా? కండ్లు మూసుకో. నేను ఏ వేలు పట్టుకున్ననో చెప్పాలె" అంది.

మూసుకున్నాను. ఎంతసేపు ఆగినా ఆట మొదలుకాదు. "ఇంకా షురూ చెయ్యవా అక్కా?" అని విసుక్కుంటూ కళ్లు తెరిచాను. గాజుకు పెట్టుకునే పిన్నీసు ఆమె చేతిలో ఉంది. నా నాలుగు వేళ్ల మీదా గుచ్చిన గుర్తులున్నాయి. వేళ్లు నల్లగా కమిలి చల్లబడి ఉన్నాయి. అక్క నోరు మూసుకుని ఏడుస్తోంది.

లేచి వరికొడవలి తెచ్చి కట్టు కోయడం మొదలుపెట్టింది. నానమ్మ గుండెలు బాదుకుంది. తాతయ్య పరుగెత్తుకొచ్చి అక్క జుట్టు పట్టుకున్నాడు. ఆమె కొడవలి వదల్లేదు. "పిల్ల ఏడ్సినన్ని దినాలు చెయ్యి బతికున్నది తాతా. నెత్తురు దిగక ఇప్పుడు సస్తున్నది" అంది. నన్ను చంకనేసుకుని రోడ్డు మీదికి పోయి, సూర్యాపేట వైపు పోతున్న వడ్ల లారీని ఆపింది. తిట్టుకుంటూనే తాతయ్య కూడా ఎక్కాడు.

అక్కడ డాక్టరు నా ముంజేతిని పొడుగునా చీల్చి, చచ్చిన కండ తీసేశాడు. తర్వాత చీము పట్టింది. నెలన్నర పాటు రోజూ పుండు కడుగుతుంటే, ఆ వాసనకు అన్నం తినలేకపోయేదాన్ని. వేళ్లు ముడుచుకుని అలాగే ఉండిపోయాయి. ఇంకొక్క రోజు ఆగితే మోచేతి దాకా తీసెయ్యాల్సి వచ్చేదని, ఆ కట్టు కోసిన పిల్లకు దండం పెట్టుకోమని డాక్టరు తాతయ్యతో అన్నాడు. మంచం మీద నేనూ విన్నాను.

తాతయ్య ఆ మాట ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. ఆ కట్టు కట్టించింది తనే కదా. చెప్పేవాళ్లు లేకపోతే ఊరే ఒక కథ అల్లుకుంటుంది. కట్టు కోసింది కాబట్టే చెయ్యి వంకరపోయిందన్నారు. అక్కను ఎవరూ గడప తొక్కనియ్యలేదు. నన్ను అడిగితే నేను తల దించుకునేదాన్ని. కన్నతండ్రిలా సాకిన తాతయ్యను నలుగురిలో తప్పు పట్టాలా అని అప్పట్లో నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి భయం.

మరుసటేడు మా వీధి చివరింటి పిల్లవాడికి కాలు విరిగింది. నాకంటే రెండేళ్లు పెద్ద. అదే పెద్దాయన, అదే కట్టు. రెండు రోజులు అరిచాడు, మూడో రోజు ఊరుకున్నాడు. నొప్పి తగ్గిందని వాళ్లమ్మ సంతోషంగా మా ఇంటికొచ్చి చెప్పిపోయింది.

ఆ సాయంత్రం అక్క మా గుమ్మం బయటే నిలబడి నన్ను పిలిచింది. "నా మాట ఎవ్వలు ఇనరు. నువ్వొచ్చి నీ చెయ్యి సూపెట్టు. డాక్టరు ఏమన్నడో ఒక్కసారి చెప్పు. పిలగాని కాలు పోతది" అంది. నేను వెనక్కి తిరిగి తాతయ్య ముఖం చూశాను. ఆయన నేల చూశాడు. నేను తల అడ్డంగా ఊపి లోపలికి వెళ్లిపోయాను.

ఐదో రోజు వాడిని సూర్యాపేట తీసుకుపోయారు. కుళ్లు పైకి పాకింది, కాలు తొడ దాకా తీసేశారు. అక్క ఆ ఏడే ఊరు వదిలి పోయింది.

అప్పటి నుంచి నాకు నోరు ఆగదు. బస్సులో గానీ పెళ్లిలో గానీ పిండికట్టుతో ఎవరైనా కనబడితే చాలు, వేళ్లు కదులుతున్నాయా, తిమ్మిరి ఉందా అని వెంటపడతాను. ముసల్దానికి మతి పోయిందని మా కోడలు నవ్వుతుంది. నవ్వనీ. ఇద్దరు ముగ్గురిని నేనే ఆటో ఎక్కించి పంపాను.

కాలు పోయిన ఆ చివరింటాయన ఇప్పుడు మిర్యాలగూడ స్టేషన్ దగ్గర చాయ్ దుకాణం నడుపుతున్నాడు. ఎప్పుడు పోయినా కర్ర మీద లేచొచ్చి బల్ల తుడిచి కూర్చోబెడతాడు. "మనిద్దరిది ఒక్కటే గాచారం చెల్లే. నీ చెయ్యి గట్లాయె, నా కాలు గిట్లాయె" అంటాడు. ఊరందరికీ జాగ్రత్తలు చెప్పే నేను, ఆయన ముందు తల ఊపి, ఎడమ చేత్తో గ్లాసు అందుకుంటాను.