శనివారం శశాంక్

మ్యాచ్ ఉన్న రోజున ప్రభావతి పన్నెండు డబ్బాలు కట్టేది. ఆడేవాళ్లు పదకొండు మంది. పన్నెండోది ఆమె భర్త కిషన్‌రావుది. ఆయన పోయి రెండేళ్లయినా ఆమె చేతికి ఆ లెక్క మరుపు రాలేదు. పరాయి దేశంలో తాముండే పాపటోయిటోయిలో తెలుగువాళ్లను పోగేసి క్రికెట్ జట్టు కట్టింది ఆయనే. బౌండరీ పక్కన గొడుగు పట్టుకుని గొంతు బొంగురుపోయేదాకా అరిచేదీ ఆయనే. ఆయన లేడని పిల్లలు ఆడక మానరు, ఆడినవాళ్లకు ఆకలి కాక మానదు. అందుకని ఆమె వండటం మానలేదు. పన్నెండో డబ్బా మాత్రం ఎంత నిండుగా వెళ్లిందో అంత నిండుగా ఇంటికి వచ్చేది. సాయంత్రం దాన్నే వేడి చేసుకుని తినేది.

వాళ్లు ఆడే లీగ్‌లో ఒక పద్ధతి ఉంది. క్రిస్మస్ సెలవులకు ముందు ఏ రెండు జట్లయినా ఒప్పుకుంటే, ఒక మనిషిని ఇచ్చి ఒక మనిషిని తెచ్చుకోవచ్చు. సీజన్ మధ్యలో ఉద్యోగాలు మారి, ఫ్లాట్లు మారి మనుషులు చెదిరిపోతుంటారని పెట్టుకున్న ఏర్పాటు. 2016 డిసెంబరులో కెప్టెన్ లింగయ్య రోహన్‌ను ఆల్బనీ జట్టుకు ఇచ్చేసి, వాళ్ల శశాంక్‌ను తెచ్చుకున్నాడు.

ఆ వార్త ప్రభావతికి పుండు మీద కారం చల్లినట్టయింది. రోహన్ స్టూడెంట్ వీసా మీద దిగిన మొదటి వారంలోనే కిషన్‌రావు కంట్లో పడ్డవాడు. బంతి అతని చేతికిస్తే గూట్లో దీపం పెట్టినంత భరోసా అనేవాడాయన.

లింగయ్య తన కొట్టు నుంచి బియ్యం బస్తా తెచ్చి దించుతుంటే ఆమె ఉండబట్టలేక అడిగింది.

"గంత నమ్మకమైన పిలగాన్ని ఎట్ల ఇడిసిపెట్టినవ్ లింగయ్యా?"

"వదినా, బంతి ఏసేటోళ్లు మనకు నలుగురున్నరు. బౌండరీ కాడ ఉరికేటోడు ఒక్కడు లేడు. ఈ శశాంక్ ఉరికితె గాలి గూడ ఎనకవడ్తది."

"మరి గంత మంచోన్ని వాళ్లెందుకిచ్చిర్రు?"

లింగయ్య మెడ గోక్కున్నాడు. "ఒకనాడు పున్నమి, ఒకనాడు అమాస అంటున్నరు. సూద్దాం."

మొదట వచ్చింది పున్నమే. ఆ ఆదివారం శశాంక్ పార్కు ఈ కొస నుంచి ఆ కొసకు పరుగెత్తి, నేల మీద జారుతూ, గడ్డికి జానెడు ఎత్తున బంతిని ఒంటి చేత్తో అందుకున్నాడు. చూసినవాళ్లు నోళ్లు తెరిచారు. అతనికి చప్పట్లు కొట్టకూడదని పంతం పట్టి కూర్చున్న ప్రభావతి కూడా తెలియకుండానే లేచి నిలబడి, ఒళ్లో ఉన్న మజ్జిగ గ్లాసు బోర్లించుకుంది.

తర్వాతి శనివారం బంతి నింపాదిగా పైకి లేచి, చెట్టు మీంచి పండు రాలినట్టు అతని మీదకే వచ్చింది. అతను చేతులు చాచాడు. అది ఆ చేతుల్లోంచి గుండె మీద పడి, గుండె మీంచి నేల మీద పడింది. అతను దాన్ని తీయడానికి వంగి, ఒక్క క్షణం మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని అలాగే ఉండిపోయాడు.

జనవరి అంతా ఇదే తంతు. జట్టులో చాలామంది శనివారం నీచు ముట్టరని ప్రభావతి ఆ రోజు పులిహోర చేసేది. ఆదివారం కోడికూర. అక్షయ్ అనే చిలిపివాడు దాన్ని పట్టుకున్నాడు.

"ఆంటీ, నాకు మతలబు దొరికింది! వీడు పులిహోర నాడు వదుల్తడు, కోడికూర నాడు పడ్తడు. శనివారం సుత ఒక కోడిని కొయ్యుండ్రి, కప్పు మనదే!"

అందరూ పడీపడీ నవ్వారు. శశాంక్ కూడా నవ్వాడు.

ప్రభావతి నవ్వలేదు. ఆమెకు వేరే గుచ్చుకుంటోంది. ఆదివారం నాడు శశాంక్ డబ్బా కడిగినట్టు వచ్చేది. శనివారం నాడు మూత కూడా తీయకుండా వచ్చేది. ఇన్నాళ్లూ ఇంటికి ఒక్క నిండు డబ్బా వచ్చేది, ఇప్పుడు రెండు. నా పులిహోర ఆల్బనీ నోటికి ఎక్కలేదు కాబోలు అనుకుంది. అడగడానికి అభిమానం అడ్డొచ్చింది.

ఫిబ్రవరిలో సెమీఫైనల్ పడింది. శనివారం, అదీ ఆల్బనీతోనే. ముందు రోజు లింగయ్య ఉతికిన జెర్సీల కోసం వచ్చి మొహం వేలాడేసుకుని కూర్చున్నాడు.

"రేపు గూడ వదిలిండంటె ఇగ వాన్ని తీసేస్త వదినా. ఫైనల్ల ఉండడు, వచ్చే ఏడు జట్టుల గూడ ఉండడు. అందరు నన్ను తిడుతున్నరు."

"నేను అప్పుడే చెప్పిన," అంది ప్రభావతి.

అనేసింది గానీ, గుమ్మం దాకా వెళ్లి తలుపు వేసుకున్నాక ఆ మాట ఆమెకే బాగా అనిపించలేదు. వేర్‌హౌస్‌లో వారమంతా బరువులు మోసి, ఉన్న రెండు రోజులూ వీళ్ల కోసం పరుగెత్తే పిల్లవాడు.

సెమీఫైనల్‌లో మొదట పాపటోయిటోయి బ్యాటింగ్ చేసి నూట నలభై ఎనిమిది పరుగులు తీసింది. పన్నెండున్నరకు అన్నం వేళ అయింది. ఇక్కడ ఫిబ్రవరి అంటే ఎండాకాలమే, ఎండ నెత్తి మీద నిప్పులు కురిపిస్తోంది. అందరూ డబ్బాల మీద పడ్డారు. శశాంక్ తనది అందుకుని, "థాంక్స్ ఆంటీ" అని, పొహుటుకావా చెట్టు అవతల ఉన్న కుళాయి వైపు నడిచాడు. నీళ్ల క్యాను నింపుకుందామని ఆమె కూడా అటే వెళ్లింది.

అతను దోసిట్లో నీళ్లు పట్టి నోట్లో పోసుకున్నాడు. పుక్కిలించి ఉమ్మేశాడు. మళ్లీ పట్టాడు, మళ్లీ ఉమ్మేశాడు. ఒక్క చుక్క గొంతు దిగలేదు.

ప్రభావతి చేతిలో క్యాను ఆగిపోయింది. ఆమె అత్తగారు బతికున్నన్నాళ్లూ శనివారం మధ్యాహ్నం బావి గట్టు మీద చేసే పని అదే.

"ఒక్కపొద్దా?" అంది.

శశాంక్ ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. "ఎవ్వరికి చెప్పకుండ్రి ఆంటీ. నవ్వుతరు."

"నీళ్లు గూడ ముట్టవా? గీ ఎండల? ఏం మొక్కుకున్నవ్ రా నువ్వు?"

"నేను మొక్కలే. మా అమ్మ మొక్కింది."

అతను చెట్టు మొదట్లో కూలబడి, నేల చూస్తూ చెప్పాడు. వాళ్లమ్మ భాగ్యమ్మ మంచిర్యాల బస్టాండు పక్కన టిఫిన్ బండి నడుపుతుంది. ఇతనికి ఏడేళ్లప్పుడు టైఫాయిడ్ వచ్చి చేతికి దక్కడన్నారట. బతికితే శనివారం శనివారం దీపం పెట్టేదాకా పచ్చి మంచినీళ్లు ముట్టనని ఆమె మొక్కుకుంది. ఇరవై ఏళ్లు అలాగే ఉంది, ఊరందరికీ ఇడ్లీలు పెడుతూ. నిరుడు షుగరొచ్చి, ఒక శనివారం పొయ్యి పక్కనే పడిపోయింది. డాక్టరు మానమన్నాడు. ఆమె మాననంది.

"అప్పుడు నేనన్న, నీ బదులు నేనుంట, నువ్వు తినమని. నేను తప్పితె మళ్ల ఆమె మొదలుపెడ్తది ఆంటీ. ప్రతి వారం ఫోన్ల అడుగుతది, ఉన్నవా బిడ్డా అని. అబద్ధం చెప్పరాదు."

"దీపం ఎప్పుడు పెడుతున్నవ్?"

"పొద్దు గూకినంక."

"ఇక్కడ పొద్దు గూకేసరికి ఎనిమిదిన్నర గాదురా!"

"ఔ ఆంటీ. మంచిర్యాలల ఆరున్నరకే అయిపోతుండె."

ప్రభావతి చదువుకున్నది ఐదో క్లాసు. కానీ పాతికేళ్లుగా ఈ దేశంలో కూర్చుని ఆ దేశానికి ఫోన్లు చేసిన మనిషి. అక్కడ ఎవరు లేచి ఉంటారో, ఎవరు నిద్రలో ఉంటారో ఆమెకు గడియారం చూడకుండానే తెలుసు.

"మీ అమ్మకు ఫోన్ కొట్టు," అంది.

రెండు రింగులకే భాగ్యమ్మ ఎత్తింది. వెనక గిన్నెల చప్పుడు. "ఏంది బిడ్డా, గీయాళ్లప్పుడు?"

ప్రభావతి ఫోన్ తీసుకుంది. "అక్కా, నా పేరు ప్రభావతి. మీ పిలగానికి అన్నం పెట్టేదాన్ని. అక్కడ తెల్లారిందా?"

"ఏడిది చెల్లే, ఐదు గొట్టింది అంతే. చట్నీ రుబ్బుతున్న. ఏమన్న అయ్యిందా వానికి?"

"ఏం గాలే. మరి శనివారం ఒక్కపొద్దు షురూ అయ్యిందా మీకు?"

"పొద్దు పొడవంది ఎట్ల షురూ అయితది?"

"మీవోడు పొద్దటిసంది నీళ్లు ముట్టలే అక్కా. ఇక్కడి పొద్దును లెక్కవెట్టుకోని ఎండల ఉరుకుతుండు."

గిన్నెల చప్పుడు ఆగింది. ఆ తర్వాత వినిపించిన గొంతుకు ఫోనే అక్కర్లేదు.

"ఓరి, నీ తెలివి తెల్లారినట్టే ఉన్నదిరా! మొక్కింది నేను. మొక్కింది ఈడ. ఆ దేవునికి తెలిసింది గూడ ఈ పొద్దే. నువ్వు ఆడి పొద్దు ఎందుకు వట్టినవ్? తిను ముందుగాల! ఇంక గంటన్నర ఉన్నది పొడిసేటందుకు!"

"మరి రాత్రికి అమ్మా? నువ్వు దీపం పెట్టే యాళ్లకు ఇక్కడ రాత్రి రెండైతది."

"పండుకో! నిద్రల ఎవనికన్న ఆకలైతదారా? దీపం నేను పెడ్త. నువ్వు తెల్లారి లేసి తిను." గొంతు తగ్గించి అడిగింది. "ఇన్ని వారాలు గట్లనే ఉన్నవా బిడ్డా?"

శశాంక్ డబ్బా మూత తీశాడు. నిలబడే తిన్నాడు, చెయ్యి కూడా సరిగ్గా తుడుచుకోకుండా. ప్రభావతి మజ్జిగ పోసింది. గ్లాసు తర్వాత గ్లాసు, మూడు తాగాడు.

అన్నం తిన్నంత మాత్రాన మనిషికి రెక్కలు రావు. ఆల్బనీ బ్యాటింగ్ మొదలుపెట్టగానే ఒక బంతి శశాంక్ కాళ్ల సందున దూరి బౌండరీ దాటింది. లింగయ్య నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. ప్రభావతి చీర కొంగు నోట్లో కుక్కుకుంది.

చివరి బంతికి ఆల్బనీకి ఆరు పరుగులు కావాలి. బ్యాటు పట్టి ఉన్నది రోహన్. అతను ఊపిన ఊపుకు బంతి సూర్యుడికి ఎదురెళ్లింది. కింద శశాంక్ వెనక్కి వెనక్కి పరుగెడుతున్నాడు. కొట్టినవాడు ఆమె వాడే, పట్టాల్సినవాడూ ఆమె వాడే. ఎవరికోసం దండం పెట్టాలో తెలియక ప్రభావతి కళ్లు మూసేసుకుంది.

తెరిచేసరికి లింగయ్య గంతులేస్తూ బౌండరీ వైపు ఉరుకుతున్నాడు. శశాంక్ గడ్డిలో వెల్లకిలా పడి ఉన్నాడు. బంతి గుండె మీదే ఉంది, రెండు చేతుల కింద.

"పులిహోరకు గూడ పడ్తడురోయ్!" అని అక్షయ్ అరిచాడు.

లింగయ్య ఒగరుస్తూ వచ్చాడు. "ఏం కలిపినవ్ వదినా ఇయ్యాల అండ్ల?"

"చింతపండు," అంది ప్రభావతి.

రోహన్ ఉస్సూరుమంటూ వచ్చి ఆమె పక్కన గడ్డిలో చతికిలబడ్డాడు. "మీవాళ్లే నన్ను ఓడగొట్టిర్రు ఆంటీ. కనీసం డబ్బా అన్న లేదా నాకు?"

ఆమె సంచీలో చెయ్యి పెట్టింది. ఒక్కటి ఉంది. దాన్ని కాసేపు ఒళ్లో పెట్టుకుని, మూత మీద అరచేత్తో ఒకసారి రాసి, అతని చేతికిచ్చింది. రోహన్ అడుగు దాకా తిన్నాడు.

ఫైనల్ ఆదివారం. ఆదివారం శశాంక్ గురించి ఎవరికీ దిగులు లేదు.

ఇంటికి వెళ్తుంటే, మూల తిరిగినప్పుడల్లా వెనక సీట్లో పన్నెండు ఖాళీ డబ్బాలు గలగలమన్నాయి. ఆ సాయంత్రం వేడి చేసుకోవడానికి ఏమీ మిగల్లేదు. ప్రభావతి తన కోసమని గుప్పెడు బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టింది.