మాస్టారి గిటార్‌కి నేను వేసిన రంగు

మా గిటార్ మాస్టారు పోయారు. మంగళవారం పొద్దున, ఇక్కడ మేముండే ఊరు కనాటాలో, ఆఫీసు ముందు కారు పార్క్ చేస్తుంటే మాస్టారి భార్య, ఆంటీ, ఫోన్ చేశారు. "మీ మాస్టారు ఇక లేరమ్మా. నిద్రలోనే పోయారు" అన్నారు. నేనేం మాట్లాడానో గుర్తు లేదు. అరగంట తర్వాత మీటింగ్‌లో కూర్చుని అందరితో పాటు తలూపాను. అలా తలూపినందుకు ఇప్పటికీ నా మీద నాకే అసహ్యంగా ఉంది.

ఆయన మహానుభావుడని చెప్పడానికి ఇది రాయడం లేదు. అలా రాస్తే ఆయనే నవ్వేవారు. ఒకప్పుడు రాజమండ్రి వైపు పెళ్ళిళ్ళలో ఆర్కెస్ట్రాకి వాయించారు. ఇక్కడ టెలికాం కంపెనీలో టెక్నీషియన్‌గా రిటైరయ్యాక, శనివారాలు వాళ్ళింటి బేస్‌మెంట్‌లో మన పిల్లలకి గిటార్ నేర్పేవారు. ఆయన తెలుగులో చెబితే పిల్లలు ఇంగ్లిష్‌లో జవాబిచ్చేవారు. నలభై ఏళ్ళ వయసులో నేనూ వెళ్ళి వాళ్ళ మధ్య కూర్చున్నాను. ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ చప్పుడు ఆగేదాకా పాఠం మొదలుపెట్టేవారు కాదు. "దాని కచేరీ అవనీ, తర్వాత మనది" అనేవారు. నా వేళ్ళు ఎర్రబడితే, "నొప్పెడితే ఆపెయ్ అమ్మాయ్, పాట ఎక్కడికీ పారిపోదు" అనేవారు.

ఆయనది ఓ పాత ఎలక్ట్రిక్ గిటార్. ఎర్ర రంగు పెచ్చులూడిపోయింది. కుడిచెయ్యి ఆనేచోట చెక్క బయటపడింది. తీగలు బిగించే కీలు తుప్పుపట్టాయి. వాల్యూమ్ తిప్పితే బరబరమనేది. కిందటేడు ఆయన పుట్టినరోజుకి దాన్ని కొత్తదానిలా చేసివ్వాలని నాకు బుద్ధి పుట్టింది.

"ఇప్పుడెందుకమ్మా? మాట వింటూనే ఉందిగా" అన్నారు మాస్టారు.

"మీరు ఊరుకోండి మాస్టారూ, నేను చూసుకుంటాగా!"

"సరే, నీ ఇష్టం."

మన ఇళ్ళలో 'సరే, నీ ఇష్టం' అంటే చాలాసార్లు వద్దనే అర్థం. నలభై ఏళ్ళు మన మనుషుల మధ్యే పెరిగిన నాకు అది తెలియదా? తెలుసు. అయినా నా ఉత్సాహం నాది.

రెండు నెలల పాటు శని, ఆదివారాలు గరాజ్‌లో కూర్చున్నాను. పాత రంగంతా గీకేశాను. నీలం రంగు పూతమీద పూత వేశాను. కొత్త కీలు, తీగల కదలికని పట్టే కొత్త పికప్‌లు పెట్టాను. లోపలి వైర్లన్నీ మార్చి సోల్డరింగ్ చేశాను. బరబర పూర్తిగా పోయింది. తీగలు నొక్కే పొడవాటి భాగం, అదే గిటార్ మెడ, దాని వెనక అంచున అక్కడక్కడా చిన్న గాట్లు కనిపించాయి. ఎక్కడో తగిలిన దెబ్బలనుకుని లప్పం పెట్టి నున్నగా రుద్దేశాను. ఆ పని బాగా కుదిరిందని మురిసిపోయాను కూడా.

పుట్టినరోజున అందరి ముందూ ఆయన ఒళ్ళో పెట్టాను. మాస్టారు దాన్ని మెల్లగా తడిమారు. బొటనవేలు మెడ వెనక పైకీ కిందకీ రెండుసార్లు తిరిగింది. "అబ్బో, పెళ్ళికొడుకులా ఉందే!" అన్నారు. అందరం నవ్వాం. వాయించమంటే, "ఇవాళ వద్దులే, చేతులు వణుకుతున్నాయి" అన్నారు.

ఆ తర్వాత మాస్టారు గిటార్ పట్టలేదు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని నోటితోనే పాఠాలు చెప్పారు. వయసు మీదపడిందనుకున్నాను. కొత్త రంగుకి గీత పడుతుందని భయం కాబోలని పిల్లల తల్లిదండ్రులతో జోకులు కూడా వేశాను.

పదకొండో రోజున వంటింట్లో ఆంటీని అడిగాను, ఆయన వాయించడం ఎందుకు మానేశారని. ఆవిడ తుడుస్తున్న గిన్నె పక్కన పెట్టారు.

"నీకు చెప్పొద్దన్నారమ్మా. షుగరొచ్చి వేళ్ళ చివర్లు మొద్దుబారిపోయాయి. చూపు అంతంతమాత్రం. బొటనవేలికి ఒక్కదానికే కాస్త స్పర్శ తెలిసేది. అందుకని మెడ వెనక ఆకురాయితో గాట్లు పెట్టుకున్నారు. చెయ్యి ఎక్కడుందో అవి తడిమి తెలుసుకుంటూ వాయించేవారు."

"మళ్ళీ పెట్టుకోవచ్చుగా ఆంటీ?"

"నేనూ అదే అన్నాను. 'అమ్మాయి అంత ముచ్చటపడి చేసింది. ప్రతి శనివారం వస్తుంది, చూస్తే బాధపడుతుంది' అన్నారు."

నేను బాధపడకూడదని ఆయన చివరి ఏడాదంతా పాట లేకుండా గడిపారు. ఇంతకంటే ఓదార్పుగా దీన్ని చెప్పే మార్గం నాకు దొరకడం లేదు. చదివేవాళ్ళు 'నీ తప్పేముంది' అంటారని తెలుసు. దయచేసి అనకండి.

గిటార్‌ని ఆంటీ నాకే ఇచ్చేశారు. నిన్న ఆకురాయి కొనుక్కొచ్చాను. కానీ గాట్లు ఎక్కడుండేవి? పని మొదలుపెట్టే ముందు తీసిన ఫోటోలు ఫోన్‌లో ఉన్నాయి. అన్నీ ముందువైపువే. ఆంటీకీ తెలియదు. గిటార్‌ని ఒళ్ళో పెట్టుకుని మెడ వెనక బొటనవేలు జరుపుతున్నాను. ఎక్కడా ఆగడం లేదు.